రేసు బండికి అండ

మోటారుసైకిల్ రేసింగులో ప్రాయోజకుడు, అంటే వాడుకలో స్పాన్సరు, తన పేరు పదిమంది కంటా పడడం కోసం పోటీదారు ఖర్చులో కొంత భరించే వ్యక్తి గానీ సంస్థ గానీ. ఖమ్మం జిల్లా తిరుమలాయపాలెం నుంచి బయలుదేరే ఔత్సాహిక రైడరుకు ఈ అండ మరీ అవసరం. జాతీయ పోటీలకు ప్రధాన వేదికైన ట్రాకు చెన్నై సమీపాన ఇరుంగాట్టుకోట్టైలో ఉన్నందున టైర్లు, తోలు సూటు, ప్రవేశ రుసుముతో పాటు బండిని అంతదూరం చేర్చే ఖర్చూ మీద పడుతుంది. టీవీఎస్ వన్‌మేక్ పోటీలు, అనగా అందరూ ఒకే కంపెనీ ఒకే రకం బండ్లపై తలపడేవి, ఈ భారాన్ని కొంత తగ్గిస్తాయి.

పెద్ద టైర్ల కంపెనీల చూపు సహజంగా గెలుస్తున్నవారి మీదే ఉంటుంది గనుక, కొత్తవాడు మోటారు క్రీడల జాతీయ సమాఖ్య ఎఫ్‌ఎంఎస్‌సీఐ ఇచ్చే లైసెన్సు చేతపట్టుకొని ఖమ్మంలోని షోరూమును, విడిభాగాల దుకాణాన్ని, మిర్చి వ్యాపారిని అడగడమే మేలు; వారు నగదుకు వెనకాడినా టైరో ఇంజిన్ ఆయిలో ఇవ్వవచ్చు, అదేమీ చిన్న సాయం కాదు. బండి మలుపులో ఒరిగినప్పుడు దాని అన్ని పక్కలూ ఫొటోకు ఒకేలా చిక్కవు. కాబట్టి ఎవరి పేరు ఎక్కడ, ఎన్ని రౌండ్లకు అన్నది ముందే కాగితం మీద రాసుకోవాలి.

సాయం నిలవాలంటే పడిపోయిన రేసు తరువాత కూడా ఫలితాన్నీ ఫొటోలనూ పంపాలి, ఈ పనిలోనే చాలామంది బద్ధకిస్తారు. పైగా ఒక్కరినే నమ్ముకోవడం ప్రమాదం: 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ తీరాన జరిగిన ఫార్ములా-ఈ కార్ల రేసు, తెలంగాణ ప్రభుత్వం ఒప్పందం కొనసాగించకపోవడంతో 2024లో మళ్లీ జరగకుండానే రద్దయింది.