మామ స్టీరింగు
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంజనీరువి కదా, పిల్లలకు పనికొచ్చే ముక్క ఒకటి చెప్పమన్నారు నిర్వాహకులు. ఒక పాత లారీ ముచ్చట చెబుతాను.

1967లో సాగర్ ఎడమ కాలువకు నీళ్లొచ్చాయి. వరి పెరిగింది, మిర్యాలగూడలో మిల్లులు పెరిగాయి, వాటి వెంటే లారీలూ వచ్చాయి. నా బెంచీ మిత్రుడి నాన్న ఆ కాలపు డ్రైవరు. ఆయన్ని మేమంతా మామా అనేవాళ్లం. ఆయన బండి టాటా-మెర్సిడెస్-బెంజ్. ఆ రెండు కంపెనీల ఒప్పందం 1954 నుంచి 1969 దాకా నడిచింది. ఆ కాలపు బండ్లకు ముందువైపు మూడు కొనల నక్షత్రం ఉండేది. బస్తాల లోడుతో మిల్లు ఆవరణలో బండి మలపాలంటే మామ సీట్లోంచి సగం లేచి, రెండు చేతులా స్టీరింగు లాగేవాడు. అరచేతులు కాయలు కాసి ఉండేవి.

ఇప్పుడు ఆయనకు ఎనభై దాటాయి. భుజం లేవదు. బండి మాత్రం దొడ్లోనే ఉంది. "నాయినతోని ఒక్కసారన్న నడిపియ్యాలె. పవర్ స్టీరింగ్ పెట్టురా. చక్రం మాత్రం పాతదే ఉండాలె" అన్నాడు మిత్రుడు.

పవర్ స్టీరింగులో ఇంజనుతో తిరిగే పంపు నూనెను ఒత్తిడితో స్టీరింగ్ బాక్సుకు పంపుతుంది. మనం ఎటు తిప్పుతున్నామో బాక్సులోని వాల్వు పసిగట్టి, నూనెను అటు మళ్లిస్తుంది. బరువు నూనె మోస్తుంది, చెయ్యి దారి చూపుతుంది.

బాక్సు బిగించడం కష్టం కాలేదు. చిక్కంతా చక్రం దగ్గర వచ్చింది. కొత్త కడ్డీ పళ్లు వేరు, పాత చక్రం నడిమి రంధ్రంలోని పళ్లు వేరు. "వెల్డింగు కొట్టేద్దాం సార్" అన్నాడు మేస్త్రి. నేను వద్దన్నాను. వెల్డింగు వేడికి పాత లోహం పెళుసెక్కితే, పగులు పైకి కనబడకుండా లోపలే పెరుగుతుంది. స్టీరింగు చేతిలోకి ఊడొస్తే రెండో అవకాశం ఉండదు. అందుకని ఒకే ఉక్కు కడ్డీతో నడుమ ఒక ముక్క చేయించాం. కింద కొత్త కడ్డీకి సరిపోయే పళ్లు, పైన పాత చక్రానికి సరిపోయే పళ్లు. పాత చక్రానికి ఒక్క గీత కూడా పడలేదు.

గర్వంగా మామకు చూపించాను. ఆయన ఒక్కటే అడిగాడు. "ఇంజన్ బందైతే ఎట్ల బిడ్డా?"

నా నోట మాట రాలేదు. ఇంజను ఆగితే పంపు ఆగుతుంది, నూనె సాయం పోతుంది. అది నాకు తెలియని సంగతి కాదు. తెలిసీ పరీక్షించలేదు. ఆ రోజే ఇంజను ఆపి, రెండు చక్రాలూ బిగించి చూశాం. పాతదాని అడ్డకొలత 55 సెంటీమీటర్లు, బాక్సుతో వచ్చిన కొత్తదానిది 44. పాతదాని మీద 10 కిలోల బలంతో అయ్యే పనికి కొత్తదాని మీద 12న్నర కిలోలు కావాలి. ఎనిమిదో తరగతిలో మనం బట్టీపట్టిన తులాదండం లెక్కే ఇది! జ్ఞాపకం కోసం ఉంచమన్న చక్రమే, పంపు ఆగిననాడు ఆదుకునే చక్రం అయింది. అయినా బరువుగానే తిరిగింది కాబట్టి, లోడు లేకుండా, దొడ్లోనే, నెమ్మదిగా నడపాలని ఒప్పందం చేసుకున్నాం. ఇలా మార్చిన బండిని రోడ్డెక్కించాలంటే మోటారు వాహనాల చట్టం అనుమతులు వేరే ఉన్నాయి.

మామ ఎక్కి కూర్చున్నాడు. అలవాటుగా సగం లేచి లాగబోయాడు. చక్రం ఒక్క చేతికే తిరిగింది. ఆయన మళ్లీ కూర్చుని, అరచెయ్యి ఒకసారి చూసుకున్నాడు. దొడ్లో మూడు చుట్లు తిప్పాడు. మిత్రుడు గోడవైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు.

పిల్లలూ, మీలో ఎందరో ఇంజనీర్లవుతారు. మీరు ఏది తయారుచేసినా, దానితో రోజూ పనిచేసేవాడికి ముందు చూపించండి. "ఇది ఆగిపోతే ఎట్ల?" అని వాడు అడుగుతాడు. ఆ ప్రశ్నకు జవాబు దొరికేదాకా పని అయిపోయిందనుకోకండి.

సెలవు.