ఏప్రిల్‌లో కడితే ఆస్తి పన్నులో రాయితీ

పట్టణాల్లో ఆస్తి పన్ను ఏడాదికి రెండు విడతలు. మొదటిది ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకు, రెండోది అక్టోబరు నుంచి మార్చి వరకు. రెండూ కలిపి ఏప్రిల్ నెలాఖరులోగా చెల్లించేవారికి ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ 5 శాతం రాయితీ ఇస్తున్నారు. పాత బకాయిలకు ఇది వర్తించదు. ఏ విడతకైనా దాని చెల్లింపు గడువు దాటితే నెలకు 2 శాతం వడ్డీ పడుతుంది. ఏడాదికి లెక్కగడితే 24 శాతం. ఇంటి మీద తెచ్చిన బ్యాంకు అప్పుకు కూడా ఇంత వడ్డీ ఉండదు.

పన్ను నిర్ణయించే తీరు రెండు రాష్ట్రాల్లో ఒకటి కాదు. తెలంగాణలో ఇంటికి రాగల అద్దె విలువే ఆధారం. ఆంధ్రప్రదేశ్‌లో 2021 ఏప్రిల్ నుంచి స్థలం, కట్టడం కలిపిన మూలధన విలువను తీసుకుంటున్నారు. పన్ను ఒక్కసారిగా ఎగబాకకుండా పెంపు ఏడాదికి 15 శాతం మించరాదని పరిమితి పెట్టారు. అయితే ఏటేటా పెరిగితే అదీ చిన్న భారమేమీ కాదు.

డిమాండు నోటీసు అందగానే ఇంటి కొలతలు, అది నివాసమా దుకాణమా అన్న వివరం సరిచూసుకోవాలి. చాలా పేచీలు అక్కడే పుడతాయి. తప్పు కనిపిస్తే మున్సిపల్ కమిషనర్‌కు రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి, అందినట్టు రసీదు తీసుకోవాలి.