తల్లుల చేత ప్రదక్షిణలు చేయించకండి

ఇవాళ పట్టాలు అందుకుంటున్న ప్రత్యేక విద్య, ఫిజియోథెరపీ, స్పీచ్ థెరపీ విద్యార్థులారా!

స్నాతకోత్సవాల్లో శాస్త్రవేత్తల పేర్లో, దేశనాయకుల పేర్లో తలచుకోవడం ఆనవాయితీ. నేను తలచుకోబోయే ఆవిడకు ఏ పదవీ లేదు. పేరు ఇల్సె హ్యూమన్. న్యూయార్క్ నగరంలోని బ్రూక్లిన్‌లో ఉండేవారు. భర్త వెర్నర్‌కు మాంసం కొట్టు. ఇద్దరూ జర్మనీలో పుట్టిన యూదులు. హిట్లర్ గద్దెనెక్కాక, 1930ల నడుమ, చిన్న వయసులోనే అమెరికా చేరారు. జర్మనీలోనే ఉండిపోయిన వాళ్ల తల్లిదండ్రులను నాజీలు పొట్టన పెట్టుకున్నారు.

1949లో వాళ్ల పెద్దబిడ్డ జూడీకి పోలియో సోకింది. అప్పటికి పిల్లకు ఏడాదిన్నర. ఇక నడవలేదని తేలాక డాక్టరు ఇచ్చిన సలహా, ఏదైనా సంస్థలో చేర్చేయమని. ఆయన దుర్మార్గుడేం కాదు. ఆ కాలంలో మర్యాదస్తులైన డాక్టర్లు చాలామంది ఇచ్చే సలహాయే అది. కానీ వికలాంగులైన పిల్లల్ని చికిత్స పేరు చెప్పి తీసుకెళ్లి చంపేసిన దేశం నుంచి వచ్చినవాళ్లు ఇల్సె దంపతులు. బిడ్డను ఎవరికో అప్పగించడానికి వాళ్లకు మనసు రాకపోవడంలో వింత లేదు.

జూడీకి అయిదేళ్లు వచ్చాయి. దగ్గర్లోని ప్రభుత్వ బడికి తీసుకెళితే ప్రిన్సిపాల్ చేర్చుకోలేదు. అగ్నిప్రమాదం వస్తే చక్రాల కుర్చీలో ఉన్న పిల్ల వల్ల ముప్పట! బడికి బదులు ఇంటికే టీచర్ని పంపారు, అదీ వారంలో రెండు మూడు గంటలు. ఇల్సె ఊరుకోలేదు. అడిగి, పోట్లాడి, విసుగు పుట్టించి, నాలుగో తరగతి నాటికి జూడీని ప్రత్యేక తరగతిలో చేర్పించగలిగారు. అంతలో ఇంకో నిబంధన అడ్డొచ్చింది. హైస్కూలు వయసు రాగానే చక్రాల కుర్చీ పిల్లలు మళ్లీ ఇంటి చదువుకే వెళ్లాలట. ఈసారి ఇల్సె ఒంటరిగా వెళ్లలేదు. అదే కష్టంలో ఉన్న తల్లిదండ్రుల్ని కూడగట్టారు. విధానం మారింది. 1961లో జూడీ హైస్కూల్లో అడుగుపెట్టింది.

ఆ జూడీయే 1970లో టీచర్ లైసెన్సుకు దరఖాస్తు చేస్తే న్యూయార్క్ విద్యామండలి కాదంది. కారణం మళ్లీ అగ్నిప్రమాదమే. తనను తాను కాపాడుకోలేదు, పిల్లల్నేం కాపాడుతుందని. ఈసారి తల్లి వెళ్లలేదు. కూతురే కోర్టుకెక్కింది, మండలి రాజీకొచ్చింది, లైసెన్సు ఇచ్చింది. 1973 నాటి అమెరికా పునరావాస చట్టంలో వికలాంగులపై వివక్షను నిషేధించిన 504వ సెక్షన్‌కు నిబంధనలు జారీ చేయకుండా ప్రభుత్వం ఏళ్ల తరబడి నాన్చినప్పుడు, 1977 ఏప్రిల్‌లో శాన్‌ఫ్రాన్సిస్కో ఫెడరల్ భవనంలో వికలాంగులు వారాల తరబడి బైఠాయించారు. ఆ పోరాట నాయకుల్లో జూడీ ఒకరు. తరవాత ప్రపంచ బ్యాంకులో వికలాంగుల అంశాలకు తొలి సలహాదారు అయ్యారు. 2023 మార్చిలో కన్నుమూశారు.

ఇప్పుడు మన సంగతి. తల్లి మీద పాటలకు మన సినిమాల్లో కొదవ లేదు. వికలాంగ బిడ్డను సాకే తల్లి కనిపిస్తే 'ఎంత ఓర్పమ్మా నీది, దేవతవు' అంటాం. ఈ మాట నాకు నచ్చదు. ఆమెను దేవతను చేస్తే మన పని తేలికవుతుంది. దేవతలకు ర్యాంపు అక్కర్లేదు, రవాణా భత్యం అక్కర్లేదు, వైకల్య ధ్రువపత్రాలిచ్చే సదరం క్యాంపు దగ్గర ఎండలో నీడ కూడా అక్కర్లేదు. ఇల్సెకు ఓర్పు ఉంటే ఆమె కూతురు ఇంట్లోనే ఉండిపోయేది.

మన చట్టాలు తక్కువేం కాదు. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఏడు రకాల వైకల్యాలుంటే, 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో 21కి పెరిగాయి. ప్రభుత్వ సాయం గానీ, గుర్తింపు గానీ ఉన్న ఏ బడి అయినా వివక్ష లేకుండా చేర్చుకోవాలని అందులోని 16వ సెక్షన్ చెబుతోంది. నిర్దేశిత స్థాయి వైకల్యం ఉన్న పిల్లలకు 18 ఏళ్ల వరకూ ఉచిత విద్య 31వ సెక్షన్ ఇచ్చిన హక్కు. అయినా బళ్ల దగ్గర ఏం వినిపిస్తోంది? 'మిగతా పిల్లలు డిస్టర్బ్ అవుతారమ్మా.' 'స్పెషల్ స్కూల్లో అయితే బాగా చూసుకుంటారు కదా.' 'మా దగ్గర ట్రైన్డ్ స్టాఫ్ లేరండీ.' ఇవన్నీ మన అగ్నిప్రమాదాలు. చివరి సాకుకు మాత్రం ఇవాళ్టితో కాలం చెల్లింది. ఆ ట్రైన్డ్ స్టాఫ్ మీరే.

ఇక్కడ ఒక విషయం దాటవేయలేను. జూడీ పెద్దయ్యాక తన మాట తానే చెప్పుకుంది. మేధోవైకల్యం ఉన్న పిల్లలందరికీ అది పూర్తిగా సాధ్యపడకపోవచ్చు. మీ దగ్గరికి వచ్చే తల్లి ఎక్సర్‌సైజుల గురించి అడిగినా, పెన్షన్ గురించి అడిగినా, గొంతు దాకా వచ్చి ఆగే ప్రశ్న ఒకటుంటుంది. 'మేం పోయాక వీడి గతేంటి?' దానికి నిండైన జవాబు ఇంకా ఏ ప్రభుత్వం దగ్గరా లేదు. కొంత జవాబు 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టంలో ఉంది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధోవైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారికి 18 ఏళ్లు నిండాక కూడా అవసరమైతే సంరక్షకుణ్ణి నియమించే స్థానిక కమిటీ ప్రతి జిల్లాలోనూ ఉండాలి. అందులో కలెక్టర్ ఉంటారు. ఇది తెలియని తల్లిదండ్రులు కోకొల్లలు. సిలబస్‌లో మార్కుల కోసం చదివిన ఆ చట్టాన్ని ఆ తల్లికి తెలుగులో విడమర్చి చెప్పండి. ఓ అరగంట పడుతుంది, అంతే. ఆ మాటల్లో పిల్లవాణ్ణి కూడా కలుపుకోండి. వాడి ఎదుటే వాడి గురించి వాడు లేనట్టు మాట్లాడే అలవాటు మన వృత్తిలో చాలామందికి ఉంది.

జూన్‌లో బడులు తెరుస్తారు. అప్పటికి మీలో కొందరు ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలాల్లో నడిచే భవిత కేంద్రాల్లో, కొందరు ఆస్పత్రుల్లో, కొందరు బడుల్లో ఉంటారు. చేతిలో ఫైలు, చంకలో బిడ్డతో ఒక తల్లి వస్తుంది. అప్పటికే నాలుగు చోట్ల తిరిగి ఉంటుంది కాబట్టి గొంతు కాస్త కటువుగా ఉండొచ్చు. నొచ్చుకోకండి, ముందు కుర్చీ వేయండి. అయ్యే పని ఆ రోజే చేసి పంపండి. 'రేపు రండి' అంటే ఆమెకు ఒక రోజు కూలి, రానూపోనూ బస్సు ఛార్జీ. కాని పని అయితే ఎందుకు కాదో, ఏ నిబంధన ప్రకారం కాదో కాగితం మీద రాసి, మీ పేరు వేసి, సంతకం పెట్టి ఇవ్వండి. నోటిమాటతో కాదన్నదాని మీద అప్పీలు చేసుకోవడం కష్టం. ఆ కాగితం ఉంటే ఆమె పై అధికారి దగ్గరికీ, వికలాంగుల కమిషనర్ దగ్గరికీ వెళ్లగలదు.