బోర్డులో పనివాడి కుర్చీ

పట్టాలు అందుకుంటున్న విద్యార్థులారా, రేపటి నుంచి మీలో చాలామంది పేర్లు ఏదో ఒక సంస్థ జీతాల పట్టీలోకి ఎక్కుతాయి. ఆ సంస్థ ఎటు నడవాలో తేల్చే బోర్డులో అక్కడ పనిచేసేవారికీ కుర్చీ ఉండాలన్నది నా వాదన. జర్మనీలో 1976 చట్టం 2,000 మందికి పైగా ఉద్యోగులున్న కంపెనీల పర్యవేక్షక మండలిలో సగం స్థానాలు ఉద్యోగుల ప్రతినిధులకిచ్చింది. ఓట్లు సమానమైతే అధ్యక్షుడికి రెండో ఓటుంది. ఆయన సాధారణంగా వాటాదారుల మనిషే కనుక పగ్గాలు వారి చేతిలోనే ఉన్నాయి. అయినా, కార్మికుడు బోర్డులో కూర్చుంటే పెట్టుబడి పారిపోతుందనేవారున్నారు. యాగర్, షోఫర్, హైనింగ్ అనే ఆర్థికవేత్తలు 2021లో ప్రచురించిన పరిశోధనలో ఈ మాట నిగ్గు తేల్చారు. 1994 ఆగస్టు తర్వాత పుట్టిన, 500 లోపు ఉద్యోగులున్న జాయింట్ స్టాక్ కంపెనీలకు పర్యవేక్షక మండలిలో ఉద్యోగులకు మూడోవంతు స్థానాలు అక్కర్లేదని జర్మనీ మినహాయించింది. పాతవాటికి ఆ నియమం అలాగే ఉంచింది. రెంటినీ పోల్చితే, ఉద్యోగులు బోర్డులో ఉన్నచోట పెట్టుబడి తగ్గకపోగా పెరిగింది. జీతాలు మాత్రం చెప్పుకోదగ్గంతగా పెరగలేదు. మరి ఆ కుర్చీ దేనికంటారా? జీతం బేరానికి యూనియన్ ఉంది. ఫ్యాక్టరీ మూసేస్తున్నారన్న కబురు గేటు దగ్గర నోటీసులో చదవకుండా, నిర్ణయానికి ముందే లెక్కలు చూసి ప్రశ్నించడానికి ఆ కుర్చీ.

విశ్వవిద్యాలయాల సంగతి మరీ విచిత్రం. బెంగళూరు నీటి సరఫరా కేసులో 1978లో మన సుప్రీంకోర్టు విద్యాసంస్థ కూడా పరిశ్రమేనంది. 1988లో సుందరాంబాళ్ కేసులో, టీచరు మాత్రం అప్పటి పారిశ్రామిక వివాదాల చట్టం చెప్పిన కార్మికుల్లోకి రారంది. వంటిల్లుంది, వంటవాడు లేడన్నట్టు! అమెరికా సుప్రీంకోర్టు 1980లో యెషీవా విశ్వవిద్యాలయం కేసులో ఇచ్చిన తీర్పు, పాఠ్యప్రణాళికలూ ప్రవేశాలూ నిర్ణయించే అధ్యాపకులు యాజమాన్యంలో భాగమంటూ కార్మిక చట్టపు రక్షణ తీసేసింది. అక్కడ అధికారమైనా ఉందన్నారు. మన కాంట్రాక్టు అధ్యాపకుడికి అదీ లేదు, ఇదీ లేదు. విశ్వవిద్యాలయ పాలక మండలిలో అందరికీ ఓటిస్తే చదువు స్థాయి పడిపోతుందన్న భయం కొట్టిపారేయదగ్గది కాదు. జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం 1973లో దానికో దారి చూపింది: మండలిలో విద్యార్థులూ ఉద్యోగులూ కూర్చోవచ్చు, పరిశోధన విషయాల్లో మాత్రం ప్రొఫెసర్ల మాటే నెగ్గాలి.

జర్మనీ సగం స్థానాల చట్టం చేసిన 1976లోనే 42వ సవరణ మన రాజ్యాంగంలో 43ఎ అధికరణం చేర్చి, యాజమాన్యంలో కార్మికుల భాగస్వామ్యానికి ప్రభుత్వం పూనుకోవాలంది. ఆదేశిక సూత్రం కనుక కోర్టుకెక్కి అమలు చేయించలేం. మీలో కొందరు రేపు బోర్డుల్లో కూర్చుంటారు. చట్టం వచ్చేదాకా ఆగకుండా ఆ కుర్చీ మీరే వేయించండి.