రాస్ కొండపై మరియమాత మందిరము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదివిన ప్రసంగము)



కూర్మన్నపాలెమున నివసించు మనకు ఉక్కు కర్మాగారము తెలిసినంతగా విశాఖపట్టణపు పాతరేవు తెలియదు. ఆ రేవు ముఖమున మూడు కొండలు వరుసగా నున్నవి. ఒకదానిపై వేంకటేశ్వరాలయము, ఒకదానిపై ఇషాక్ మదీనా దర్గా, అన్నిటికంటె ఎత్తయినదానిపై మరియమాత మందిరము కలవు. ఈ మందిరమును గూర్చియే నేడు నాలుగు మాటలు మనవి చేసెదను.

1864లో రాస్ అను దొర ఆ కొండపై ఒక ఇల్లు కట్టించుకొనెను. కొండకు ఆయన పేరే నిలిచినది. కొంతకాలమునకు ఆ ఇల్లు కథోలిక ప్రార్థనామందిరముగా మార్చబడినది. కావున 1864లో గుడి కట్టిరని పలువురు వ్రాయుట సరికాదు. ఆ సంవత్సరము ఇంటిది, గుడిది కాదు. ఇది చాదస్తముగా తోచవచ్చును. కాని దీనిని గుర్తింపనిదే కట్టడము తీరు బోధపడదు. శిలువ ఆకారపు విశాలమండపమును, మిన్నంటు గోపురములను ఆశించి కొండ నెక్కువాడు నిరాశపడును. కాపురమునకై కట్టినదానికి అట్టి హంగు లెక్కడివి? తెల్లని చిన్న కట్టడము. క్రింద రేవు, ఎదుట డాల్ఫిన్ నోస్, ఆవల అంతులేని సముద్రము. శిల్పి చేయని పనిని కొండయే చేసినది.

సవాయ్ ప్రాంతపు ఆనెసీ నగరమునుండి ఫ్రాన్సిస్ డి సేల్స్ సభకు చెందిన గురువులు 1846లోనే విశాఖపట్టణము చేరియుండిరి. వారి క్రైస్తవసమాజ మప్పటికే ఇచట వేళ్లూనియుండెను.

ఇక నావికుల మాట. ఆ రోజులలో లోపలి రేవు లేదు. ఓడలు ఒడ్డునకు దూరముగా లంగరు వేయగా సరుకును, మనుష్యులను మసూలా పడవలలో చేరవేసెడివారు. మేకులు కొట్టక పలకలను త్రాటితో కుట్టిన పడవలవి. బిగువైన పడవ కెరటపు దెబ్బకు పగులును. కుట్టిన పడవ కొంత సాగి ఓర్చుకొనును. ఆ కెరటములను దాటి నేల ముట్టువరకు ప్రాణము అరచేతిలోనే! అట్టివానికి దూరమునుండి మొదట కనబడునది కొండయే. జాలరులును కొండల వరుసను బట్టియే తా మున్న చోటును గుర్తింతురు. దారి చూపినదానికి మ్రొక్కుట సహజము గదా. మరియమాతను సముద్రతార యని క్రైస్తవ నావికులు ఏనాటినుండియో కొలుచుచున్నారు.

ఈ మ్రొక్కులు ఒక మతమునకు పరిమితములు కావు. దర్గా ముందుగా పోవు ముసల్మానుల ఓడలు జెండాను దించి యెత్తి వందనము చేసెడివనియు, క్షేమముగా తిరిగివచ్చిన హిందూ ఓడ యజమానులు వెండి పడవలను సమర్పించెడివారనియు పూర్వపు జిల్లా గ్రంథములలో నున్నది. అటులనే డిసెంబరు 8వ తేదీ మరియమాత ఉత్సవమునాడు రాస్ కొండ నెక్కువారిలో అన్యమతస్థులు పెక్కురు.

1933 అక్టోబరు 7న జలదుర్గ యను ఓడ క్రొత్త రేవున ప్రవేశించెను. డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డన్ ప్రభువు రేవును లాంఛనముగా ప్రారంభించెను. 1957లో డాల్ఫిన్ నోస్ పై దీపస్తంభము వెలసినది. నేటి నావికునికి ఉపగ్రహములే దారి చెప్పుచున్నవి. మార్గము తెలియుటకు కొండ అక్కరలేదు. ఐనను మ్రొక్కు మానలేదు. కెరటము నేటికిని కెరటమే!

కట్టడమును తీరికగా చూడదలచినవారు ఉత్సవదినమున గాక మామూలు దినమున ప్రొద్దుటే పోవుట మేలు. అదృష్టముండినచో కొండ పాదమున ఒక ఓడ మెల్లగా రేవులోనికి పోవుటయు కనబడును.