పోడునేల కోరు విశ్రాంతి



తూర్పు కనుమల యడవులను పోడు సేద్యమే పాడుచేసెనని పట్టణవాసులమైన మనము తఱచుగా ననుచుందుము. ఇది సగము సత్యమే. చెట్లు నఱికి కాల్చిన బూడిద ఒకటి రెండేండ్లు పైరునకు బలమొసగును; పిదప వానలకు సారము కొట్టుకొనిపోవును. పూర్వము గిరిజనులు ఆ నేలను పెక్కేండ్లు బీడు విడిచెడివారు. మోళ్లు చిగిర్చి, రాలిన యాకు కుళ్లి, మన్ను మరల సారవంతమగుచుండెను. 1882 నాటి మద్రాసు అటవీశాసనముతో రిజర్వు అడవుల కెల్లలు పడెను, జనము పెరిగెను, నేలకు విశ్రాంతి తగ్గెను. 1922లో అల్లూరి సీతారామరాజు నాయకత్వమున మన్యము తిరుగబడుటకు అటవీ నిర్బంధములును ఒక కారణము. 2006 నాటి అటవీహక్కుల చట్టము సాగుదారుల హక్కును గుర్తించినది. కాని పట్టా చేతికి వచ్చినంతమాత్రమున మంటికి సారము రాదు. వాలున కడ్డముగా గట్లు వేసి, అరకు ప్రాంతమున వలె చెట్లనీడను కాఫీ, మిరియము పెంచినచో మన్ను నిలుచును. పోడును నిందించుటకు మున్ను, ఆ నేల విశ్రాంతి నెవరు హరించిరో విచారింతము గాక!