ఒకే వేదిక, రెండు చప్పట్లు

మన గణతంత్ర దినోత్సవం రోజే, జనవరి 26న, ఆస్ట్రేలియా డే. ఆ రోజు అక్కడి చాలా పట్టణాల్లో ఊరికి సేవ చేసినవాళ్లను సన్మానిస్తారు. అడవి మంటలార్పే వాలంటీరు కావచ్చు, పిల్లలకు ఆట నేర్పే పెద్దాయన కావచ్చు. అదే వేదిక మీద వలస వచ్చినవాళ్లు ప్రమాణం చేసి పౌరులవుతారు. దేవుడి పేరు చెప్పాలా వద్దా అన్నది వాళ్లిష్టం. కొన్నిచోట్ల చేతికో మొక్క కూడా ఇస్తారు. నాకు నచ్చింది అదే!

ఈ పౌరసత్వ వేడుకలు 1949లో కాన్‌బెర్రాలో మొదలయ్యాయి. ఇప్పుడా వరసలో తెలుగువాళ్లూ ఉంటున్నారు. మన చట్టం రెండు పౌరసత్వాలు ఒప్పుకోదు కనుక, భారత పాస్‌పోర్టు అప్పగించాల్సిందే. భారత మూలాలున్న విదేశీ పౌరులకు ఇచ్చే ఓసీఐ కార్డుకు మాత్రం దరఖాస్తు చేసుకోవచ్చు.

అయితే, 1788లో సిడ్నీ తీరంలో బ్రిటిష్ జెండా ఎగరేసిన తేదీ కూడా ఈ జనవరి 26. అక్కడి ఆదివాసుల్లో చాలామందికి అది సంతాపదినం. 2022 చివరి నుంచి స్థానిక కౌన్సిళ్లు పౌరసత్వ వేడుకను ఆ తేదీకి మూడు రోజుల వరకు ముందో వెనకో పెట్టుకోవచ్చు.